రెండు మూరల తెరచాప

పదహారు వందల పోగులు దాటాక సదానందం వేళ్లకు మళ్లీ బూడిద అద్దుకున్నాడు. పడుగు అయిపోయిన బీమ్ తాలూకు పోగు ఎడమచేతిలో, కొత్త బీమ్ పోగు కుడిచేతిలో. రెండింటినీ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నులిమితే ఒకటవుతాయి. ముడి వేయకూడదు. ముడి అచ్చుపళ్లలో ఇరుక్కుంటే పోగు తెగుతుంది, సాంచా అనే కరెంటు మగ్గం ఆగుతుంది, ఆ తర్వాత వారం రోజులు సాంచా నడిపేవాడు అతికినవాడిని తిడుతూనే ఉంటాడు. సదానందం అతికిన బీమ్ దగ్గర ఆ తిట్లు వినబడవు. ముప్పై ఎనిమిదేళ్లుగా భీవండి పద్మనగర్‌లో అతనికి ఉన్న పేరు అదొక్కటే.

శుక్రవారం. భీవండిలో సాంచాలు ఆగే రోజు. మిగతా ఆరు రోజులు ఈ గల్లీల్లో ఎదుటివాడి మాట వినాలంటే చెవి అతని నోటి దగ్గర పెట్టాలి. శుక్రవారం మాత్రం రేకుల మీద పావురాలు నడిచినా వినబడుతుంది. అందరికీ సెలవే, వైపనివాళ్లకు తప్ప. సాంచా ఆగినప్పుడే కదా బీములు అతికేది.

సాంచా వెనుక సందులో, జానెడు ఎత్తు పీట మీద, మోకాళ్లు ఛాతీకి తగిలేలా కూర్చున్నాడు. సన్నటి మనిషి. యాభై ఏడేళ్లు. ఎడమ దవడ మీద పాత మచ్చ ఒకటి ఉంది. సాంచాలు నడిపే రోజుల్లో అడ్డపోగు మోసే నాడె ఎగిరి వచ్చి తగిలిన గుర్తు. ఆ దెబ్బ తర్వాతే వైపనిలోకి మారాడు. కుడి బొటనవేలు నున్నగా, గులకరాయిలా ఉంటుంది. దాని మీద గీతలన్నీ ఏనాడో పోగులతో పాటు పోయాయి. రేషన్ దుకాణంలోని యంత్రం ఆ వేలిని ఒప్పుకోదు. ప్రతి నెలా భార్య ఓదెమ్మ వచ్చి తన వేలు పెట్టాల్సిందే.

పదిన్నరకు ఫోను మోగింది. చేతిలోని పోగులు నులిమాక, మోచేత్తో జేబులోంచి పైకి తోసుకుని, భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాడు. బడిలో చరిత్ర చెప్పే అమోల్ సర్. వాళ్లిద్దరి మాటలు ఎప్పుడూ సగం హిందీలో, సగం మరాఠీలో సాగుతాయి.

"సదానంద్ భావు, కమిటీవాళ్లు నిన్న హాలు చూశారు."

"ఎట్ల ఉందన్నరు సార్?"

"మీ బొమ్మలో ఓడలు బాగున్నాయన్నారు. తెరచాపల మీది గీతలే బాగాలేవన్నారు. అతుకుల బొంతల్లా ఉన్నాయట. మహారాజు ఓడలకు అతుకులేమిటని ఒకాయన గట్టిగా అడిగాడు. ఎల్లుండే ప్రారంభం. ఆ గీతల మీద తెల్లరంగు వేసేయండి, సాయంత్రానికల్లా."

"వెయ్యకుంటే?"

"ఫ్లెక్స్ అచ్చు వేయించారు, భావు. నెట్‌లో దొరికిన ఓడల బొమ్మ. మీ చట్రం మీదే దాన్ని బిగిస్తామంటున్నారు." అమోల్ సర్ గొంతు తగ్గింది. "ఐదు గంటలకు నేను వస్తాను. నన్ను ఇరుకున పెట్టకండి."

సదానందం ఫోను పీట పక్కన పెట్టి తర్వాతి పోగు అందుకున్నాడు. చెయ్యి ఆగలేదు. కానీ నాలుగు పోగుల తర్వాత తాను నాలుగూ లెక్కపెట్టలేదని తెలిసి, వెనక్కి వెళ్లి మళ్లీ తడిమి చూసుకున్నాడు.

గుమ్మం దగ్గర స్టూలు మీద గట్టయ్య కూర్చుని ఉన్నాడు. ఎనభై నాలుగేళ్ల మనిషి. మొన్నటిదాకా ఇదే కార్ఖానాలో నాడెలకు దారం కాండీలు చుట్టాడు. ఇప్పుడు పనేమీ లేకపోయినా పొద్దున్నే వచ్చి కూర్చుంటాడు. సాంచాల మోతకు ఒక చెవి పూర్తిగా పోయింది కాబట్టి ఎవరితోనైనా గల్లీ అంతటికీ వినబడేలా మాట్లాడతాడు.

"ఎవలురా ఫోన్ల?"

"బడి సారు, కాకా. తెరచాపల మీద కుట్లు తీసెయ్యమంటున్నడు."

"కుట్లు తీస్తే గుడ్డ ఊసిపోదా?"

"బొమ్మల కాకా. గీతలు."

"బొమ్మయితేంది. గుడ్డ గుడ్డే గదా." ముసలాయన పొగాకు డబ్బీ మూత తీసి, లోపలికి చూసి, మళ్లీ మూశాడు. "ఏడు నెలల సంది గీస్తున్నవంటివి. ఒక్కనాడన్న నన్ను తీస్కపోయి సూపిచ్చినవారా?"

"రెండు మెట్లెక్కాలె. నీ మోకాళ్లు..."

"నా మోకాళ్ల సంగతి నీకెందుకు. పొద్దుమీకి నేనూ అస్త."

సదానందం మిగిలిన పన్నెండు వందల పోగులూ అతికాకే లేచాడు. రేపు పొద్దున ఆ సాంచా నడవాలి. తన బాధ తన దగ్గరే ఉంటుంది, బీమ్ ఆగకూడదు.

*

ఈ ఊరికి పదిహేనో ఏట వచ్చాడు, సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి మేనమామ వెంట. పంతొమ్మిదో ఏట, పెళ్లయిన కొత్తలో, ఒక శుక్రవారం తోటివాళ్లతో కల్యాణ్ వెళ్లి సముద్రపు పాయ ఒడ్డున ఉన్న కోట చూశాడు. శివాజీ మహారాజు ఓడలు ఈ ఖాడీలోనే కట్టారని అక్కడ శనగలు అమ్మే ముసలాయన చెప్పాడు. తోటివాళ్లు శనగలు తింటూ ముందుకు పోయారు. సదానందం నిలబడిపోయాడు. నీళ్లు తీసిన బురద, అందులో పక్కకు ఒరిగిన పడవ, దాని మీద ఒక కొంగ. అంతకు మించి అక్కడ ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు. ఓడ అన్నాక దానికి గుడ్డ కావాలి. అన్ని ఓడలకు అంత గుడ్డ ఎవరో నేసి ఉండాలి. ఆ మాట శనగల ముసలాయన చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు.

మరుసటి శుక్రవారం, కార్ఖానా లెక్కలు చూసే మెహతా గుడ్డ తాకాల మీద గుర్తులు పెట్టే నీలం పెన్సిల్ ముక్క తీసుకుని, చెడిపోయిన గుడ్డ మీద మొదటి ఓడ గీశాడు. ఓదెమ్మ చూసి, ఎడ్లబండికి దుప్పటి ఎందుకు కట్టావని అడిగింది.

తర్వాత నేర్చుకున్నాడు. కల్యాణ్ గ్రంథాలయంలో ఓడల బొమ్మల పుస్తకం ఒకటి ఉందని తెలిసి, నాలుగేళ్లు నెలకొక శుక్రవారం వెళ్లాడు. మరాఠీ చదవడం ఆ పుస్తకంతోనే వచ్చింది. పెద్ద ఓడ గురాబు, చిన్నది గల్బతు. తెడ్లు ఎన్ని, ఫిరంగులు ఎక్కడ, స్తంభానికి తాళ్లు ఎటు నుంచి ఎటు. గుడ్డకు బీములకు పెట్టే గంజే పెట్టి, ఆరాక దాని మీద రంగు వేసేవాడు. మొదట్లో ఆ గంజి రుచి మరిగి బొద్దింకలు రెండు యుద్ధాలు తినేశాయి. ఆ తర్వాత గంజిలో మైలతుత్తం కలపడం మొదలుపెట్టాడు.

తాళ్ల దగ్గర మాత్రం అతనికి ఎవరూ చెప్పాల్సిన పని లేదు. రోజంతా బిగువు పోగులూ వదులు పోగులూ వేళ్లతో చూసే మనిషి. గాలి కుడి నుంచి వస్తుంటే కుడివైపు తాళ్లు తీగల్లా ఉంటాయి, ఎడమవైపువి కొద్దిగా వేలాడతాయి. అతని ఓడల్లో ప్రతి తాడుకూ మొదలూ చివరా ఉంటుంది.

ధామన్కర్ నాకా దగ్గర మంగలి దుకాణంలో అతని బొమ్మ ఒకటి ఉంది. రెండు చాయ్ హోటళ్లలో ఉన్నాయి. పళ్ల డాక్టరు దగ్గర పెద్దది ఉంది. అక్కడ పన్ను పీకించుకోవడానికి వచ్చినవాళ్లు నోరు తెరిచి ఆ యుద్ధం కింద పడుకుంటారు. సదానందం సముద్రం మీదికి వెళ్లింది మాత్రం ఒక్కసారే. ముంబైలో గేట్‌వే దగ్గర లాంచీ ఎక్కి, ఒడ్డు ఇంకా కనబడుతుండగానే తిన్నదంతా కక్కుకున్నాడు. మహారాజు దగ్గర నౌకరీకి పోతే మొదటి రోజే నీళ్లలో పారేసేవాళ్లని ఓదెమ్మ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది.

బడిలో కొత్త హాలు కట్టినప్పుడు గోడకు పెద్ద బొమ్మ కావాలని అమోల్ సర్ మంగలి దుకాణంలో కూర్చుని, సగం గడ్డంతోనే అడిగాడు. పద్నాలుగు అడుగుల పొడుగు. అరవై మూడు అంగుళాల పన్న. అంత వెడల్పు గుడ్డ నేసే సాంచాలు భూమయ్య సేటు కార్ఖానాలో ఉన్నాయి. ఆ బీమ్ సదానందమే అతికాడు. ఆ గుడ్డనే చట్రానికి బిగించాడు.

*

"మొగం గట్లున్నదేంది?" అన్నం పెడుతూ ఓదెమ్మ అడిగింది.

చెప్పాడు. ఆమె జొన్నరొట్టె విరిచి అతని పళ్లెంలో వేసి, పప్పు గిన్నె జరిపింది.

"ఫ్లెక్సు కడ్తరా? మంచిదే. నీ గుడ్డ నాకియ్యుమను. పరుపుకు కవరు కుట్టుకుంట. ఏడు నెలల సంది శుక్కురారం పూట ఇంట్ల లేవు, నాకు గా పరుపు కవరన్న మిగుల్తది."

"నవ్వులాట కాదు, ఓదెమ్మా."

"నేనెక్కడ నవ్వుతున్న." ఆమె ఎదురుగా కూర్చుంది. ఏళ్ల తరబడి కాండీలు చుట్టిన చేతులు ఆమెవి. చూపుడువేలు మొదట్లో దారం కోసిన గాడి ఉంది. "తుడిచేస్తే ఏమైతదట?"

"ఆదివారం నా బొమ్మ గోడకుంటది."

"తుడువకుంటే?"

"ఉండది."

ఓదెమ్మ పప్పు గిన్నె మీద మూత పెట్టింది. "ఓడలు అందరు గీస్తరు. నీళ్లు అందరు గీస్తరు. ఫిరంగులు, పొగ, అన్ని ఆ ఫ్లెక్సుల గూడ ఉంటయి. గా కుట్లు తీసేస్తే అండ్ల నీదేముంటది?"

అతను పళ్లెం కడిగి, రంగుల సంచీ తీసుకుని బయలుదేరాడు. గుమ్మం దాటాక వెనక నుంచి మళ్లీ ఆమె మాట వినబడింది.

"కాకాను ఎండల నడిపియ్యకు. ఆటోల తీస్కపో."

*

హాల్లో ఇంకా సున్నం వాసన పోలేదు. కుర్చీలు ప్లాస్టిక్ తొడుగులతోనే వరుసల్లో ఉన్నాయి. తలుపు పక్కన, చుట్ట చుట్టి గోడకు ఆనించి, కొత్త ఫ్లెక్స్ నిలబడి ఉంది. సదానందం దానివైపు చూడలేదు. గట్టయ్యను బొమ్మకు ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టబోయాడు. ముసలాయన కూర్చోలేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు.

ఖాందేరి దీవి దగ్గర, మూడున్నర వందల ఏళ్ల కిందటి పొద్దు. ఎడమవైపు కొండంత ఇంగ్లీషు ఓడ, పక్కల నుంచి ఫిరంగుల మూతులు. దాని మీదికి కుడివైపు నుంచి గల్బతులు వస్తున్నాయి, పదకొండు. ముందు నడిచేది గురాబు. నీళ్లు నీలం కాదు. వానాకాలం వెళ్లిన కొత్తలో ఈ తీరంలో ఉండే బూడిద ఆకుపచ్చ. గాలి కుడి నుంచి. తెరచాపలు నిండుగా ఉబ్బి, ప్రతి దాని మీదా పైనుంచి కిందికి సన్నటి గీతలు; ముక్కకూ ముక్కకూ మధ్య కుట్టు.

గట్టయ్య గల్బతులను ఒక్కొక్కటిగా వేలు చూపి లెక్కపెట్టుకుంటూ వచ్చి, ఒకదాని దగ్గర ఆగాడు.

"గీడెవడు, తెడ్డు ఇడిసిపెట్టి ఉరుకుతున్నడు?"

"తాడు తెగింది, కాకా. పట్టుకోను పోతున్నడు."

"మంచిగ గీసినవ్. కాలు జారెటట్టున్నడు." ముసలాయన ఇంకా దగ్గరికి జరిగాడు. ముక్కు గుడ్డకు తగిలేంత దగ్గరికి. గురాబు పెద్ద తెరచాప ముందు, ఓడ బల్లల మీద ఒక నావికుడు నిటారుగా నిలబడి ఉన్నాడు. గట్టయ్య తన చిటికెన వేలు అతని కాళ్ల నుంచి తలదాకా పెట్టి కొలిచాడు. ఆ వేలినే అడ్డంగా తిప్పి, ఒక కుట్టు నుంచి పక్క కుట్టుదాకా పెట్టాడు. సరిగ్గా సరిపోయింది.

"సదానందం."

"ఆఁ."

"గీ మనిషిని అడ్డం పండవెడితే గీ కుట్టు కాడికెల్లి గా కుట్టు కాడికస్తున్నడు. గింత పన్న ఎవలు నేసిండ్రురా?"

సదానందానికి వెంటనే అర్థం కాలేదు.

"గప్పుడు కరెంటు సాంచాలున్నయా?"

"లేవు."

"తాడు గుంజితే నాడె ఉరికే మగ్గమన్న ఉన్నదా? అది మా నాయిన కాలంల అచ్చింది. మా తాత గుంట మగ్గంల కూసోని, ఈ చేత్తోని ఇసిరి ఆ చేత్తోని పట్టేటోడు. నా కళ్లార చూసిన." గట్టయ్య రెండు చేతులూ ముందుకు చాపి, మోచేతులు కొద్దిగా వంచి, గాలిలోనే ఇటు నుంచి అటు విసిరి పట్టాడు. "రెండు మూరలు. పిడికెడు ఎక్కువైనా నాడె కింద పడ్తది. గింత పన్న ఏ చేతులు నేస్తయ్?"

సదానందం బొమ్మ వంక చూశాడు. ప్రతి తాడూ లెక్కపెట్టి వేశాడు. గాలి ఎటు నుంచో చూసి వేశాడు. కుట్లు కూడా పుస్తకంలో చూసి కాదు, అంత వెడల్పు గుడ్డ ఒక్క ముక్కగా ఏ మగ్గమూ నేయదని తన బుర్రతో తెలుసుకుని వేశాడు. కానీ ఒక ముక్క ఎంత వెడల్పుండాలని తనను తాను అడగలేదు. చెయ్యి దానంతట అదే గీసింది. అతని చేతికి తెలిసిన పన్న సాంచాది. భూమయ్య సేటు కార్ఖానాలో నేసిన అరవై మూడు అంగుళాలే మహారాజు ఓడ మీదికి ఎక్కించాడు.

దగ్గరున్న కుర్చీలో కూర్చున్నాడు. ప్లాస్టిక్ తొడుగు కరకరలాడింది.

"ఆల్లు తీసెయ్యమంటున్నరు కాకా. నువ్వేమో ఇంకిన్ని పెట్టుమంటున్నవ్."

"నేనేమంటలేను. చేతులు అంటున్నయ్."

"ఎవ్వనికి తెలుస్తది? కమిటోళ్లకు తెలువదు. సార్‌కు తెలువదు."

"నాకు నిద్ర పట్టుతదా అంటె పట్టుతది." గట్టయ్య పక్క కుర్చీలో మెల్లగా కూలబడి డబ్బీ తీశాడు. "నీకు పట్టుతదా?"

సదానందం లేచి నిచ్చెన జరిపాడు.

ఒక్కో ముక్క మధ్యలో ఒక్కో కొత్త గీత. అరవై మూడులో సగం రెండు మూరలకు లోపే వస్తుంది. అంటే పాత గీత ఏదీ చెరపక్కర్లేదు. ఉన్నవి రెట్టింపు కావాలి, అంతే. ముందు గురాబు, తర్వాత గల్బతులు. ఉబ్బిన గుడ్డ మీద గీత నిటారుగా రాదు. గాలి ఎక్కడ తోస్తే అక్కడ వంగాలి, అంచు దగ్గర మళ్లీ దగ్గరపడాలి. ఊపిరి బిగబట్టి పైనుంచి కిందికి ఒకే లాగుడు. కింద నుంచి గట్టయ్య చూస్తూ, అప్పుడప్పుడూ హాలంతా మోగేలా మాట వేస్తున్నాడు.

"ఇంగ్లీషోళ్ల ఓడకు గూడ పెడుతున్నవా?"

"పెట్టద్దా?"

"పెట్టు పెట్టు. ఆల్ల సాలోళ్లకు మాత్రం మూడు చేతులుంటయా."

నాలుగున్నరకు చివరి గీత పడింది. సదానందం నిచ్చెన దిగి, వెనక్కి వెనక్కి నడిచి, చివరి వరుస దగ్గర ఆగాడు. తెరచాపలు మారిపోయాయి. ఇందాకటిదాకా అవి గాలి నింపిన దుప్పట్లలా ఉన్నాయి. ఇప్పుడు వాటికి బరువు వచ్చింది. అన్ని ముక్కలు, అన్ని కుట్లు; ఎవరో కూర్చుని, ముక్క తర్వాత ముక్క నేస్తే, ఇంకెవరో వాటిని వరుసగా పరిచి కుట్టారు. గాలి దెబ్బకు ఏ ఒక్కటీ విడిపోవడం లేదు. ఓడలు కూడా పెద్దవైనట్టు కనబడుతున్నాయి.

తన పని చూసుకుని సంతోషపడటం అతనికి అలవాటు లేదు. బీమ్ అతికాక ఎవరూ దాన్ని చూడరు. సరిగ్గా అతికితే అతికినట్టే తెలియదు. కానీ ఆ చివరి వరుసలో నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

*

అమోల్ సర్ ఐదు గంటలకు వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"భావు, ఇదేమిటి? గీతలు తీసేయమన్నాను."

"అవును సార్."

"రెట్టింపు చేశారు."

"తప్పు వేసిన సార్ అంతకుముందు. ఇప్పుడు సరిగ్గ ఉన్నది."

అమోల్ సర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. నలభై దాటిన మనిషి, మంచివాడు, తొందరగా కోపం రాదు. వచ్చినా ముందు చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడ్డాయి. "నేను కమిటీకి ఏం చెప్పాలి? వాళ్లు అతుకులంటే మీరు ఇంకా..."

"కూసోండ్రి సార్. ఒక్క నిమిషం."

కుర్చీలో కూర్చోబెట్టాడు. చట్రానికి బిగించగా మిగిలిన గుడ్డముక్క సంచీలో ఉంది. దాన్ని తీసి, పూర్తి వెడల్పున సర్ మోకాళ్ల మీద పరిచాడు. ఒక అంచు తాను పట్టుకున్నాడు, రెండో అంచు గట్టయ్య చేతికిచ్చాడు. గట్టయ్య తన పొగాకు డబ్బీని సర్ చేతిలో పెట్టాడు.

"గిది నాడె అనుకోండ్రి," అన్నాడు సదానందం. "నా అంచు కాడికెల్లి ఇసిరి, కాకా అంచు కాడ పట్టుకోవాలె. నడుము వంచద్దు. కూసున్నకాడికెల్లి లేవద్దు."

అమోల్ సర్ ఇద్దరి వంకా చూశాడు. వయసులో పెద్దవాళ్లు. కాదనలేక విసిరాడు. డబ్బీ చేతికి అందక నేల మీద పడి, మూత ఊడి, పొగాకు చెల్లాచెదురైంది.

"అయ్యో."

"కానియ్యుండ్రి. మల్ల."

రెండోసారీ పడింది. మూడోసారి బాగా వంగి అందుకోబోయి కుర్చీతో పాటు ఒరిగాడు. గట్టయ్య భుజం పట్టి ఆపి, "నడుము వంచద్దన్నడు గదా," అన్నాడు తెలుగులోనే. సర్‌కు ఆ మాట అర్థమైంది.

సదానందం గుడ్డను సగానికి మడిచాడు. "ఇప్పుడు."

డబ్బీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లింది. అమోల్ సర్ పదిసార్లు విసిరాడు, ఇరవైసార్లు విసిరాడు. చెవుల ఎరుపు తగ్గింది. తెలియకుండానే కాలు కూడా లయగా ఆడిస్తున్నాడు.

"దినమంత గట్లనే చెయ్యాలె సార్," అన్నాడు సదానందం. "ఒక మనిషి చేతులు ఎంతదూరం పోతయో అంతే గుడ్డ. అంతకు మించి ఎవ్వలు నెయ్యలేరు, మహారాజు అడిగినా. గసొంటి ముక్కలు పక్కపక్కన కుట్టితేనే తెరచాప. అవి అతుకులు కావు సార్. ఒక్కో ముక్క ఒక్కో మనిషి."

అమోల్ సర్ డబ్బీని ఒళ్లో పెట్టుకుని తలెత్తి బొమ్మ వంక చూశాడు.

"ఇది ఏ పుస్తకంలోనూ లేదు."

"పుస్తకం రాసినోళ్లు నెయ్యలేదు గదా సార్."

సర్ లేచాడు. ఫోను తీసి, బయట వరండాలోకి వెళ్లాడు. కిటికీలోంచి వాళ్లకు కనబడుతున్నాడు. మొదట నిలబడి మాట్లాడాడు. తర్వాత అటూ ఇటూ నడిచాడు. అవతలివాళ్లు ఒప్పుకోవడం లేదని అతని తల ఊపు చూస్తేనే తెలుస్తోంది. సదానందం గుడ్డముక్కను అంచు మీద అంచు పెట్టి మడుస్తున్నాడు. విప్పాడు, మళ్లీ మడిచాడు. గట్టయ్య నేల మీది పొగాకు ఏరుకుంటున్నాడు.

కాసేపటికి చూస్తే అమోల్ సర్ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, వరండాలో ఒక్కడే నిలబడి, రెండు చేతులతో గాలిలో ఇటు నుంచి అటు విసురుతున్నాడు.

"గాడు నేర్సుకున్నడురా," అన్నాడు గట్టయ్య.

సర్ లోపలికి వచ్చాడు. చెమట పట్టింది. "ఉంటుంది," అన్నాడు. "ఆదివారం నేను దీని పక్కనే నిలబడతాను. ఎవరడిగినా నేను చెబుతాను." తలుపు పక్కనున్న ఫ్లెక్స్ చుట్టను తనే భుజాన వేసుకున్నాడు. పోతూ పోతూ ఆగాడు. "కింద మీ పేరు రాయండి, భావు. పెద్ద అక్షరాలతో."

సదానందం బొమ్మ కింది మూలలో, నీళ్ల మీద, గోరంత అక్షరాలతో తెలుగులో తన పేరు రాసుకున్నాడు. తర్వాత గట్టయ్య వైపు తిరిగాడు.

"నీ పేరు గూడ రాస్త, కాకా."

"నాదెందుకురా, పన్న కొలిసినందుకా? రాస్తె మా తాతది రాయి. చూపిచ్చింది ఆయన."

"ఏం పేరు?"

ముసలాయన నోరు తెరిచి, ఆగాడు. కళ్లు చిట్లించి తెరచాపల వంక చూశాడు. "తాత అనేటోళ్లం," అన్నాడు చివరికి. "యాదికి వస్తే చెప్త."

సదానందం తన పేరు కింద ఒక్క వరుస ఖాళీ వదిలి, రంగుల డబ్బాలకు మూతలు బిగించాడు.

*

ఆదివారం భీవండిలో సాంచాలు నడిచే రోజు. ప్రారంభం వేళకు సదానందం వరాలా తలావ్ వైపు ఒక కార్ఖానాలో, ఉన్నట్టుండి అయిపోయిన బీమ్ ముందు కూర్చుని ఉన్నాడు. రాలేనని పొద్దున్నే కబురు పెట్టాడు. ఓదెమ్మ పట్టుచీర కట్టుకుని వెళ్లింది. గట్టయ్య ఇస్త్రీ పంచె కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. వచ్చిన పెద్దమనిషి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడని, అమోల్ సర్ అతని చేత కూడా చేతులు చాపించాడని, హాలంతా నవ్వారని, తర్వాత ఎవరూ నవ్వలేదని ఓదెమ్మ వచ్చి చెప్పింది. సదానందం రెండుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారి అడగడానికి సిగ్గుపడి, పప్పు బాగుందన్నాడు. ఆ పూట ఇంట్లో చారు చేశారు.

ఆ ఏడు వానలు మొదలైన రెండో వారం, ఒక శుక్రవారం మధ్యాహ్నం, భూమయ్య సేటు కార్ఖానాలో బీమ్ అతుకుతూ అతుకుతూ సదానందం పక్కకు ఒరిగాడు. ఇంకా నలభై పోగులు ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదన్నారు. సాయంత్రం కొమురయ్య అనే ఇంకో వైపని మనిషి వచ్చి ఆ నలభై అతికాడు. శనివారం పొద్దున సాంచా నడిచింది. సదానందం అతికిన ఇరవై ఏడు వందల అరవై పోగుల్లో ఒక్కటీ తెగలేదని నడిపినవాడు ఊరంతా చెప్పాడు. అది గుడ్డయి, తాకాలయి, టెంపోలో ఎక్కడికో పోయింది.

హాల్లో పిల్లలు ఇప్పటికీ ఆ బొమ్మ ముందు నిలబడి, చేతులు చాపి, టిఫిన్ డబ్బాలు ఇటు నుంచి అటు విసురుకుంటారు. అమోల్ సర్ చూసీ చూడనట్టు ఊరుకుంటాడు.

దీపావళికి దుమ్ము దులపడానికి బడి ప్యూన్ స్వప్నిల్ నిచ్చెన ఎక్కితే, చట్రం పై అంచు మీద, కింది నుంచి ఎవరికీ కనబడని చోట, ఒక కుంచె దొరికింది. ఓదెమ్మకు ఇవ్వబోతే, ఆయన పెట్టినకాడ్నే ఉండనియ్యి అంది. స్వప్నిల్ దాన్ని తుడిచి మళ్లీ అక్కడే పెట్టాడు: పెన్సిల్ కన్నా సన్నటి వెదురు పుల్ల, చివర దారంతో బిగించి కట్టిన నాలుగు వెంట్రుకలు, వాటి కొసన ఆరిపోయి ఒక్క పోగంత సన్నగా నిలిచిన ముదురు రంగు.